సైకిలు ఎప్పుడెక్కాలి డాక్టరుగారూ?

మనవాళ్ళు గుండెకి ఆపరేషన్ అయితే ఊరంతా చెప్పుకుంటారు. ఎన్ని స్టెంట్లు వేశారు, ఒక్కోటి ఎంతయ్యింది అన్న విషయాల మీద పెళ్ళి భోజనాల దగ్గర కూడా చర్చ నడుస్తుంది. మోకాలిచిప్పల సంగతి సరేసరి. అదే ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన పెద్దాయన మాత్రం "ఏదో చిన్న ప్రాబ్లం లెండి, తగ్గిపోయింది" అని మాట మార్చేస్తాడు. మన సినిమాల్లో హీరో తండ్రికి ఎప్పుడూ గుండెపోటే వస్తుంది గానీ ఒంటేలు ఆగిపోదు, గమనించారా? నిజానికి అరవై దాటిన మగవాళ్ళలో సగానికి పైగా మందికి ఈ గ్రంథి పెరుగుతుంది. అంటే మన ఇళ్ళల్లో, మన వీధుల్లో, మనకి తెలిసినవాళ్ళకే అన్నమాట.

మా నాన్న అరకు, డుంబ్రిగూడ ప్రాంతాల్లో ముప్ఫై ఏళ్ళు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. నేనేమో హైదరాబాద్‌లో కోడు రాసుకుంటూ ఉంటాను. ఆయనకి సైకిలంటే ఎక్సర్‌సైజు కాదు. సంతకి, పోస్టాఫీసుకి, పాత స్టూడెంట్ల ఇళ్ళకి ఏ ఊరెళ్ళినా అదే బండి. నేను స్కూటీ కొనిస్తానంటే "దానికి పెట్రోలెవడు తాగిస్తాడ్రా" అంటారు.

పోయిన డిసెంబర్‌లో సంగతి ఇది. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది కదా, ఆ నెలలో చలి మామూలుగా ఉండదు. నాన్నకి జలుబు చేసి, ఇంట్లో ఉన్న ఏదో జలుబు మాత్ర రెండ్రోజులు వేసుకున్నారు. మూడో రోజు రాత్రి ఒంటేలు పూర్తిగా ఆగిపోయింది. ముక్కు దిబ్బడకి వాడే కొన్ని మందులు మూత్రాశయం మూతి దగ్గర కండరాన్ని బిగించేస్తాయట. గ్రంథి అప్పటికే పెరిగి ఉన్నవాళ్ళకి అదీ, చలీ కలిస్తే ఇలా అవ్వచ్చని తరవాత డాక్టరు చెప్పారు. ఆ రాత్రి అక్కడి ఆస్పత్రిలో గొట్టం వేసి గండం గట్టెక్కించారు. మర్నాడు విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఆ ఘాట్ రోడ్డులో, అనంతగిరి మలుపుల్లో నూటపది కిలోమీటర్లు పైచిలుకు ప్రయాణం ఎలా జరిగిందో నేను రాయను, మీరు ఊహించుకోండి.

అక్కడ చేసింది టియుఆర్‌పి. పైన కోత ఉండదు, కుట్లు ఉండవు. మూత్రనాళం గుండానే సన్నటి పరికరం పంపి, దారికి అడ్డంగా పెరిగిన భాగాన్ని లోపల్నించే కరెంటు తీగతో చెక్కేస్తారు. రెండు మూడు రోజుల్లో గొట్టం తీసేశారు. తిరుగు ప్రయాణానికి బస్సూ, కారూ వద్దని కిరండోల్ పాసింజర్ ఎక్కించాం. కుదుపులు తక్కువ, పైగా బోగీలోనే బాత్‌రూమ్. యాభై ఎనిమిది సొరంగాల ఆ లైనుని టూరిస్టులు ఎందుకు పొగుడుతారో గానీ, నేను మాత్రం ఆ బాత్‌రూమ్ కోసమే పొగుడుతాను.

అసలు విషయం ఇక్కడ్నించి మొదలు. పైన కోత లేకపోవడం వల్ల నాలుగో రోజుకే మనిషికి అంతా బాగయిపోయినట్టు అనిపిస్తుంది. కానీ లోపల చెక్కిన చోట పచ్చి పుండు ఉంటుంది. అది మానడానికి ఆరు వారాలు పట్టచ్చు. పది పదిహేను రోజులప్పుడు పైన కట్టిన చెక్కు ఊడి ఒంటేలు మళ్ళీ ఎర్రగా రావచ్చు. నీళ్ళు బాగా తాగితే మామూలుగా తేటపడుతుంది. ముద్దలు పడినా, ఎంతకీ తేటపడకపోయినా, ధార ఆగిపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ముక్కడం, బరువులెత్తడం, సైకిలు సీటు మీద కూర్చోవడం, ఇవన్నీ ఆ పుండుని రేపే పనులే.

డిశ్చార్జ్ కాగితం మీద "ఆరు వారాలు టూవీలర్ వద్దు, బరువులు వద్దు" అని రాసి ఉంది. నాన్న బుద్ధిగా తలూపారు. కానీ ఆరు వారాల తరవాత ఏం చెయ్యాలో ఆయన అడగలేదు. ఆ గదిలో నర్సమ్మ ఉందని సిగ్గు. పది రోజులయ్యాక ఫోన్లో నాతో "టైర్లలో గాలి దిగిపోయిందిరా, రబ్బరు పాడైపోతాదేమో" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషి తన ప్రశ్న అడగాల్సొచ్చేసరికి టైర్లని అడ్డం పెట్టుకున్నారు!

రివ్యూకి నేనూ వెళ్ళి, డాక్టరుగారిని సూటిగా అడిగేశాను. ఆయన "మెల్లగా మొదలుపెట్టచ్చు" అని, కాగితం చూసి, "మీది అరకు కదా? అక్కడ తొక్కడం ఎంత, తొయ్యడం ఎంత?" అన్నారు. నాన్న మొహం వెలిగిపోయింది. నిజమే కదా! మైదానంలో సైకిలంటే తొక్కడం. కొండల్లో సగం దూరం దిగి తొయ్యడమే. సామాన్లు కట్టిన సైకిల్ని ఎత్తు మీదకి తోస్తే కడుపు బిగబట్టాలి, అంటే అది బరువెత్తడంతో సమానం. కాగితం మీద రాసిన రెండు వద్దులూ మా ఊళ్ళో ఒకే పని అయిపోయాయి.

ఆ తరవాత మా ప్లాను ఇదీ. కొత్త వెర్షన్ని ఒకేసారి అందరి మీదకీ వదలం కదా, అలాగే. మొదటి వారం లోయలో చదునుగా ఉన్న రోడ్డు మీద రోజుకి పది నిమిషాలు, ఖాళీ సైకిలు. రెండో వారం ఇరవై. ఎత్తు వస్తే వెనక్కి తిరగడమే. సంత సామాను ఆటోలో. ఇంటికొచ్చాక ఒంటేలు రంగు చూసుకోవాలి. అదే మా లాగ్ ఫైలు! ఎర్రబడితే వారం ఆపెయ్యాలి. బరువు కట్టడం మూడో నెల తరవాతే. నేను మధ్యలో గాడి ఉన్న జెల్ సీటు ఒకటి కొని తీసుకెళ్తే నాన్న దాన్ని గోడకి తగిలించారు. డాక్టరుగారు కూడా ఆయన పార్టీయే. పాతకాలం వెడల్పు స్ప్రింగుల సీటు మీద నిటారుగా కూర్చుంటే బరువు పిరుదుల ఎముకల మీద పడుతుందట, సన్నటి ముక్కున్న రేసు సీట్లతోనే ఎక్కువ ఇబ్బందట. ఇంకో మాట, పీఎస్‌ఏ రక్తపరీక్ష ఉంటే దానికి రెండ్రోజుల ముందు సైకిలు మానెయ్యాలి. లేకపోతే అంకె పెరిగి కనబడి, అనవసరంగా భయపెట్టచ్చు.

ఇది మా నాన్నకి సరిపోయిన లెక్క. మీవాళ్ళ లెక్క వాళ్ళ డాక్టరే చెప్పాలి. కానీ ఆ డాక్టరుకి మీరు ఎక్కడుంటారో, రోజూ ఏం చేస్తారో చెప్పకపోతే ఆయన మాత్రం ఏం చెప్తాడు?

నాన్న ఇప్పుడు టీకొట్టు దగ్గర ఇవన్నీ లెక్కల పాఠంలా చెప్తున్నారట. అమ్మకి తల కొట్టేసినట్టుంది. కానీ ఆ పాఠం విన్న ఇంకో రిటైర్డ్ మాస్టారు, రాత్రికి ఐదారుసార్లు లేస్తూ అది షుగరనుకుని రెండేళ్ళు నెట్టుకొచ్చినాయన, మర్నాడు నాన్నని పక్కకి పిలిచి "ఏ డాక్టరు మాస్టారూ?" అని అడిగారట. ఆయనకి మందులతోనే సరిపోయింది, ఆపరేషన్ దాకా వెళ్ళలేదు.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "భోంచేశారా" తో పాటు "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు నాన్నా" అని కూడా అడగండి. మొదట విసుక్కుంటారు. రెండోసారికి చెప్తారు.