రంగం దారిలో కథలు

మన పెద్దవాళ్లు రంగూన్‌ను 'రంగం' అనేవారు. ఫలానా వాళ్లబ్బాయి రంగం వెళ్లాడంటే ఆ ఇంటికి మనియార్డరు వస్తుందని అర్థం. కాకినాడ, విశాఖపట్నం, గోపాల్‌పూర్ రేవుల్లో పొగ ఓడ ఎక్కి వేలమంది తెలుగువాళ్లు అక్కడి ధాన్యం మిల్లుల్లోకి, రేవు పనుల్లోకి వెళ్లారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో మనవాళ్లకు 'కోరంగీలు' అనే పేరు వచ్చింది. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సగం మందికి పైగా భారతీయులే.

మా తాతగారు అక్కడ ఒక ధాన్యం మిల్లులో గుమాస్తా. ఆయనకు రెండే వ్యసనాలు: ఒకటి చుట్ట, రెండోది మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు'. రాత్రి భోజనాలయ్యాక వరండాలో లాంతరు పెట్టుకుని పైకి చదివేవారు. మిల్లు కూలీలు పది పదిహేనుమంది చుట్టూ చేరేవారు. వాళ్లలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మా మామ్మకూ చదువు రాదు. తలుపు చాటున కూర్చుని విన్నదే ఆవిడ చదువు. ఒకసారి వింటే మరి మరిచిపోయేది కాదు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మావాళ్లు జనవరిలో బయల్దేరారు. గంజాం, శ్రీకాకుళం వైపు వాళ్లు ఇరవైమంది ఒక జట్టు. ప్రోమ్ దగ్గర ఇరావతి నది దాటి, అరకాన్ కొండల మీదుగా తౌంగప్ వరకు నడక. అక్కడినుంచి పడవల మీద అక్యాబ్, ఆపైన చిట్టగాంగ్. ఆ కొండదారిలో మంచినీళ్లు దొరకడమే కష్టం. దొరికిన నీళ్లలో కలరా. బర్మా నుంచి ఆ రోజుల్లో నాలుగైదు లక్షలమంది భారతీయులు తరలివచ్చారని అంచనా. దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు.

పుస్తకాలన్నీ మిల్లు దగ్గరే వదిలేశారు. బియ్యం మూట, దుప్పట్లు, ఒక చెంబు, పిల్లలు. మోయగలిగింది అంతే. మా నాన్నకు అప్పుడు ఎనిమిదేళ్లు, మా అత్తయ్యకు ఆరు.

కాశీమజిలీ కథల ఏర్పాటు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాశీకి నడిచి వెళ్లే గురువుగారు, తోడు వచ్చిన పశువుల కాపరి కుర్రవాడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. కథ చెబితేనే వస్తానన్నది ఆ కుర్రవాడి షరతు. మామ్మ ఆ పద్ధతే పట్టుకుంది. ఎండ చల్లబడ్డాక నడక మొదలుపెట్టి కథ ఎత్తుకునేది. వెనక నడిచే పిల్లలందరూ ఊ కొట్టాలి. మజిలీ చేరేసరికి కథ ఏదో చిక్కులో పడి ఆగేది. మిగతాది రేపు.

"కథ కోసం కాదురా, ఊ కోసం" అనేది మామ్మ మాతో. చీకట్లో వెనక ఎవరున్నారో కనబడరు. ఊ వినబడితే పిల్ల ఉన్నట్టు. ఎవరి ఊ నీరసపడిందో వాళ్లను ఎవరో ఒకరు భుజాన వేసుకునేవారు. రెండు రోజులయ్యేసరికి పెద్దవాళ్లూ ఊ కొట్టడం మొదలుపెట్టారట.

కొండలు దిగే ముందు ఒక మజిలీలో అత్తయ్యకు వాంతులు పట్టుకున్నాయి. తెల్లవారేసరికి పిల్ల దక్కలేదు. దారి పక్కనే పూడ్చిపెట్టి, ఆ పూటే నడిచారు. ఆ సాయంత్రం మామ్మ నోరు విప్పలేదు. కొంతదూరం పోయాక జట్టులోని ఒక మిల్లు కూలీ, తాతగారి వరండాలో విన్న కథనే తనకొచ్చినట్టు, తప్పులతో ఎత్తుకున్నాడట. మామ్మ కాసేపు విని, "అది అలా కాదు నాయనా" అని సరిచేసి, మిగతా కథ తనే అందుకుందట.

బరంపురం చేరేసరికి మార్చి. అప్పటికే రంగూన్ జపాన్‌వాళ్ల వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం ఆగిపోయి ధరలు మండిపోయాయి. మా వీధిలో రంగంలో మనుషులున్న ఇళ్లు చాలా ఉండేవి. మద్రాసు నుంచి మెయిల్లో వచ్చే ఆంధ్రపత్రికను తాతగారు అరుగు మీద కూర్చుని పైకి చదివేవారు. తమవాళ్లున్న ఊరి పేరు వినబడుతుందేమోనని ఆడవాళ్లు పనులు ఆపుకుని నిలబడేవారు.

కిరసనాయిలు కూడా కరువే. అందుకని ఇంటికో గిద్దెడు తెచ్చి, ఒక్క లాంతరు వెలిగించి, రాత్రిళ్లు భారతం చదువుకునేవారు. ఎక్కువసార్లు చదివించుకున్నది అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం. నాకంటే దురదృష్టవంతుడెవరైనా ఉన్నాడా అని అడవిలో ధర్మరాజు వాపోతే బృహదశ్వుడు చెప్పిన కథ అది. భర్తల నుంచి కబురు లేని ఇల్లాళ్లకు దమయంతి సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు కదా. ఆ ముగ్గురిలో ఒకామె భర్త 1946లో తిరిగి వచ్చాడు. ఇద్దరి భర్తలు రానేలేదు.

కథలు విన్నందువల్ల పోయినవాళ్లు రాలేదు, బియ్యం ధర తగ్గలేదు. కానీ రాత్రికి అందరూ ఒకచోట చేరేవారు. ఎవరు రాలేదో, ఎవరింట్లో పొయ్యి రాజలేదో అక్కడే తెలిసిపోయేది. ఎవరో ఒకరు గిన్నెడు జావ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లేవారు. కొండదారిలో ఊ చేసిన పనే ఇక్కడ లాంతరు చేసిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు ఒడియా, ఇంగ్లీషు చదవడం వచ్చు. తెలుగు అక్షరాలు రావు. మీలో కొందరి ఇళ్లలో ఒడియా స్థానంలో కన్నడమో, తమిళమో, మరాఠీయో ఉంటుంది. అక్షరాలు నేర్పాలి, అందులో రెండో మాట లేదు. అయితే అక్షరాలు వచ్చేదాకా కథను ఆపనక్కర్లేదు. మామ్మకూ, ఆ కూలీకీ అక్షరాలు రావు. ఒకరు పైకి చదివితే పదిమంది విన్నారు. విన్నవాళ్లలో ఒకరు అవసరానికి అందుకున్నారు. మన ఇళ్లలో కరువైంది పైకి చదివేవాళ్లు.

రంగంతో సంబంధం ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో. 1942లో వచ్చినవాళ్లు కొందరు, 1964 తర్వాత వచ్చినవాళ్లు కొందరు. ఆ పెద్దల్లో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల నోట విన్న మనమే ఇప్పుడు పెద్దలం. ఒక ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టుకుని విన్నది చెప్పండి. తారీకులు తర్వాత సరిచూసుకోవచ్చు. తప్పు పోతుందేమోనని మాత్రం ఆగకండి. ఆ సాయంత్రం కథ ఎత్తుకున్న కూలీకీ కథ పూర్తిగా రాదు.