కట్టెలు సరే... కరెంటు పోతే?

మేముండేది న్యూయార్క్‌లో. ఆ మాట అనగానే చుట్టాలందరికీ ఆకాశాన్నంటే మేడలు గుర్తొస్తాయి. మాది ఆ నగరం కాదు. అదే రాష్ట్రంలో బాగా ఉత్తరాన, కెనడా సరిహద్దుకు గంట దూరంలో ఓ పల్లె. నవంబరులో పడ్డ మంచు ఏప్రిల్‌కి గానీ వదలదు. జనవరి రాత్రుల్లో మైనస్ 30 డిగ్రీలు కూడా చూశాం. గ్యాస్ పైపులైను మా రోడ్డు దాకా రాలేదు. కింద గదిలోని ట్యాంకులో ఫ్యూయల్ ఆయిల్ పోయించుకుని ఇంటిని వెచ్చబెట్టుకోవాలి. 2022లో ఆ ఆయిలు గాలన్ 5 డాలర్లు దాటింది. మాకు చలికాలానికి 800 గాలన్లు కావాలి. లెక్క వేసిన రోజునే మావారు ఔట్‌డోర్ ఫర్నేసు మాటెత్తారు.

ఇక్కడి పల్లెల్లో ఇళ్ల వెనక అది చిన్న రేకుల గదిలా కనబడుతుంది. లోపల పెద్ద పొయ్యి, దాని చుట్టూ నీళ్లు. కట్టెలు మండితే నీళ్లు 80 డిగ్రీల దాకా కాగి, భూమిలో పాతిన పైపుల్లోంచి ఇంట్లోకొచ్చి, వేడి ఇచ్చేసి, మళ్లీ పొయ్యి దగ్గరకే పోతాయి. ఆ వేసవిలో అత్తయ్య మా దగ్గరే ఉన్నారు. బొమ్మ చూసి ఒక్క మాటలో తేల్చేశారు. "పెరట్లో నీళ్లకాగు. తణుకులో మనకుండేది కదరా! వీళ్లు దానికి పైపులు తగిలించారు."

కాదనలేం. సుఖాలు మాత్రం చాలానే ఉన్నాయి. నిప్పూ, బూడిదా, కట్టెల్లోని పురుగులూ ఇంట్లోకి రావు. రోజుకు రెండుసార్లు కట్టెలు వేస్తే చాలు. స్నానాల నీళ్లు కూడా ఆ వేడితోనే కాగుతాయి.

అమ్మే అతను మాత్రం పదేపదే "పెద్ద సైజే తీసుకోండి" అన్నాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. నీళ్లు చాలినంత కాగగానే ఫర్నేసు తనకు తానే గాలి ఆపేస్తుంది. అప్పుడు కట్టె మండదు, రగులుతూ పొగ చిమ్ముతుంది. ఇంటి అవసరానికి మించిన ఫర్నేసయితే ఎక్కువ సేపు అలా రగలడమే దాని పని. నలుగురి వంటకు గాడిపొయ్యి తవ్వుకున్నట్టు! పాత రకాలకు చెడ్డపేరు వచ్చింది ఈ పొగతోనే. కొత్తవాటిలో పొగను రెండో అరలోకి పంపి అక్కడ దాన్నీ మండిస్తారు. 2015లో దేశమంతటికీ వచ్చిన నిబంధనల రెండో మెట్టు 2020 మేలో అమల్లోకి వచ్చింది. అప్పట్నుంచీ ఆ పరీక్ష నెగ్గినవే అమ్మాలి. ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. పైపులూ తవ్వకంతో కలిపి మాకు చెప్పింది 16 వేల డాలర్లు.

డబ్బు కన్నా నన్ను ఆపింది పక్కింటావిడ ఉబ్బసం. మా రెండిళ్లూ పల్లంలో ఉన్నాయి. గాలి లేని చలి రాత్రుల్లో పొగ పైకి పోదు, పల్లంలోనే పడుకుంటుంది. న్యూయార్క్ రాష్ట్రం 2011లోనే ఓ నియమం పెట్టింది. కొత్త ఫర్నేసు హద్దుకు 100 అడుగుల దూరంలో ఉండాలి, పొగగొట్టం కనీసం 18 అడుగుల ఎత్తుండాలి. నేనూ మావారూ టేపు పట్టుకుని కొలిచాం. మా స్థలం వెడల్పు 210 అడుగులు. అటు వందా ఇటు వందా తీసేస్తే మిగిలింది పదడుగుల చీలిక. అది కూడా ఇంటికి దూరంగా, బండరాళ్ల మీద!

టేపుతో తిరుగుతుంటే పక్కింటి పెద్దాయన వచ్చారు. ఆయన పొగ ఊసే ఎత్తలేదు. "కరెంటు పోతే?" అని మాత్రం అడిగారు. 1998 జనవరిలో ఇక్కడ మంచువాన కురిసి తీగలూ స్తంభాలూ కూలిపోయాయి. కొన్నిచోట్ల మూడు వారాలు కరెంటు లేదు. ఇప్పటికీ ఈ ప్రాంతపు వాళ్లు సంగతులను దానికి ముందు, దాని తరవాత అని చెప్పుకుంటారు. ఫర్నేసులో నీళ్లు తిప్పే పంపుకీ, గాలి ఊదే ఫ్యానుకీ కరెంటు కావాలి. పొయ్యి నిండా కట్టెలున్నా పంపు ఆగితే ఇల్లు చల్లబడిపోతుంది. మైనస్ 30లో పైపుల్లో నీళ్లు గడ్డకడితే ఆ రిపేరు మాట తలుచుకోకపోవడమే మంచిది. ఇంకో జనరేటరు కొంటానన్నారు మావారు. దానికి పెట్రోలు, దాన్ని పెట్టడానికో షెడ్డు... కట్టెలతో గడుపుకుందామని మొదలెట్టి ఎక్కడికొచ్చాం?

చివరికి హాల్లోకి ఇనుప స్టవ్ ఒకటి తెచ్చాం. కరెంటుతో పని లేదు, పైన టీ కూడా కాగుతుంది. గొట్టంలో స్టీలు లైనరు వేయించాం. పై గదులకు వేడి సరిగా అందదు, అక్కడికి ఆయిలు తప్పదు. అయినా 800 గాలన్లు 350కి దిగాయి. ఆ డిసెంబరులో క్రిస్మస్ ముందు వచ్చిన తుపానుకు రెండు రోజులు కరెంటు పోతే పక్కింటి వాళ్లిద్దరూ మా హాల్లోనే పడుకున్నారు.

కట్టెల బేరంలో అసలు పెద్దరికం అత్తయ్యదే. ఇక్కడ కట్టెలు తూకానికి అమ్మరు, 'కార్డు' లెక్క. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న పేర్పు. "నయమే. మన అడితిలో తూకం కోసం నీళ్లు చల్లేవాళ్లు" అన్నారావిడ. బాగా ఎండినవని చెప్పి ఒకతను తెచ్చిన లోడులోంచి రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టారు. "ఖణేల్‌మనాలమ్మా. ఇవి పచ్చివి" అన్నారు. మావారు తేమ కొలిచే మీటరు గుచ్చితే 31 శాతం! 20 దాటితే పొగే. లోడు వెనక్కి పంపించేసి వేరేచోట యాష్, మేపుల్ కట్టెలు కొన్నాం. దూరం నుంచి తెప్పించుకోవడానికీ వీల్లేదు. పురుగులు పాకుతాయని, వేడి చేసి శుద్ధి చేయని కట్టెల్ని 50 మైళ్లు దాటించకూడదని ఈ రాష్ట్రంలో చట్టం ఉంది.

ఇప్పుడు పెరట్లో ఓక్ పేర్పు ఉంది. అది ఎండాలంటే రెండు వేసవులు పడుతుంది. అత్తయ్య ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు పిల్లల చదువులు అడుగుతారు, తరవాత దాని మీద రేకు కప్పారా లేదా అని అడుగుతారు.