కుట్టు లేని దిండు

మా అబ్బాయి భీమవరం నుంచి టేకు సోఫా పంపించాడు. చూడ్డానికి లక్షణంగా ఉంది. వెనక్కి వాలితే మాత్రం చెక్క నడుంలో గుచ్చుకుంటుంది. ‘దిండ్లు కొనుక్కోమ్మా, ఐదు పడతాయి’ అన్నాడు ఫోన్లో. భీమవరం వెళ్లినప్పుడు షాపులో అడిగితే ఒక్కోటి నాలుగొందల యాభై. గలేబు వేరే. ఐదింటికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. పెన్షను మీద బతికే టీచర్ని, నేను ఆ లెక్క షాపులోనే వేసేసుకుని పాసింజరెక్కి ఆకివీడు వచ్చేశాను.

ఇంట్లో బట్టలకేం కొదవ? అటక మీద రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. అమ్మ నూలుచీరలు, నేను బడికి కట్టుకెళ్లిన చీరలు, అమ్మాయి చున్నీలు, మావారి లుంగీలు. ఒకరికివ్వడానికి మరీ పాతవి. మసిగుడ్డలు చేయడానికి మనసొప్పదు. ఇలాంటి పెట్టె మీ అటక మీద కూడా ఉండే ఉంటుంది.

చిక్కల్లా ఒక్కటే. నాకు కుట్టడం రాదు. మా వీధిలో ఈ మాట చెబితే నవ్వుతారు. ఎందుకంటే మా అమ్మ బొంతలు కుట్టి మమ్మల్ని పెంచింది. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. నాకు తొమ్మిదేళ్లప్పుడు పోయాడు. ఆ తర్వాత ఎవరింట్లో పురుడొచ్చినా, చలికాలం ముంచుకొచ్చినా, పాతచీరల మూట మా అరుగు మీదకొచ్చేది. ఒక బొంతకి నాలుగైదు చీరలు. ఒకదాని మీద ఒకటి పరిచి, ముడత లేకుండా సాగదీసి, అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవాలి. సగం బొంత కుట్టేసరికి అమ్మ చూపుడువేలి కొస జల్లెడలా అయ్యేది. సరదాకైనా నన్ను సూది పట్టనిచ్చేది కాదు. ‘నువ్వు సూదిని పట్టుకుంటే అది నిన్ను పట్టుకుంటదే. ఎల్లి చదువుకో’ అనేది. ఆ సూది మీదే నేను టీచరు ట్రైనింగు పూర్తి చేశాను. గుండీ ఊడితే ఇప్పటికీ మావారే కుట్టుకుంటారు.

మా కోడలు ఫోన్లో ధైర్యం చెప్పింది, ‘కుట్టకుండా కూడా దిండ్లు చేయొచ్చు అత్తయ్యా’ అని. సరే, మొదలుపెట్టాను.

మొదట బట్టలు అతికించే జిగురు తెచ్చాను. అంచులకి రాసి, ఇస్త్రీపెట్టెతో అద్దితే దిండు భలే కుదిరింది. ఒక్క ఉతుకుకి నోరు తెరిచింది. తర్వాత పిన్నీసులు. మావారు మధ్యాహ్నం కునుకు తీయబోయి ఒక్క కేక పెట్టారు. అంతటితో అవీ పోయాయి. మూడోది విదేశాల్లో బాగా చేసే పద్ధతట. రెండు గుడ్డలు కలిపి పెట్టి, చుట్టూ అంచుల్ని వేలెడు వెడల్పు పీలికలుగా కత్తిరించి, పైదీ కిందదీ ముడేసుకుంటూ రావడం. వాళ్లు వాడే ఉన్నిలాంటి ఫ్లీసు గుడ్డని ఎక్కడ కత్తిరించినా పోగు లేవదు. మన నూలుచీరని కత్తిరించి చూడండి. సాయంత్రానికి ఇల్లంతా పీచే. పైగా అమ్మ చీరకి కత్తెర పెట్టిన ఆ ఒక్కసారే నా చెయ్యి వణికింది.

అప్పుడనిపించింది, అసలు కొయ్యడమెందుకని. బడిలో పిల్లలు టిఫిను డబ్బాకి గుడ్డ కట్టుకుని వచ్చేవారు చూడండి, అలా కట్టేస్తే పోలేదూ! లోపలికి దూది బదులు రెండు చీరల్ని పదహారు అంగుళాల చదరంగా మడిచి పెట్టాను. లుంగీని సగానికి కత్తిరించకుండా మడతేసి, మీటరుకి కాస్త అటూ ఇటూగా చదరం చేశాను. దాన్ని మూల పైకి వచ్చేలా పరిచి, మధ్యలో చీరల కట్ట పెట్టి, ఎదురెదురు మూలలు రెండు పైకి మడిచాను. మిగిలిన రెండు మూలలూ ఎదురెదురుగా లాగి నడిబొడ్డున ముడేశాను. ముడి కొసలు లోపలికి దోపితే పువ్వులా కూర్చుంది. సూది లేదు, కత్తెర లేదు, పైసా ఖర్చు లేదు.

పట్టుకెళ్లి అమ్మ ఒళ్లో పెట్టాను.

అమ్మ సంగతి చెప్పాలి. ఎనభై రెండేళ్లు. నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. శుక్లాల్లాగా ఆపరేషన్ చేస్తే తిరిగొచ్చే చూపు కాదు, ఒకసారి పోతే పోయినట్టే అన్నారు. అప్పట్నుంచి పొద్దస్తమానం మంచం మీద కూర్చుని, కట్టుకున్న చీర అంచుని ఆ చివర్నుంచి ఈ చివరకి వేళ్లతో తడుముతూ ఉండేది. అన్నం పెడితే నాలుగు ముద్దలు. ‘పనీ పాటా లేని దానికి ఎంత కావాలే’ అనేది. నాకు ఆ మాటకి జవాబు తెలిసేది కాదు.

దిండుని చేత్తో తిప్పింది. అంచులన్నీ వెతికింది. మళ్లీ తిప్పింది.

‘కుట్టేదే?’

‘కుట్టు లేదమ్మా. ముడే.’

ముడి మీద వేలు పడింది. ఒక్క లాగు లాగింది. దిండు కాస్తా విడిపోయింది. ‘ఇదేం ముడే, పుస్తెలు కట్టేవాడు కూడా ఇంతకంటే గట్టిగా ఏస్తాడు’ అంది. రెండేళ్ల తర్వాత అమ్మ నోట వెటకారం!

అమ్మ పుట్టిల్లు కొల్లేరు లంకల్లో. తాతయ్య వలలు అల్లేవాడట. నైలాను రాకముందు, నూలు వలల కాలంలో. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు సరస్సులో నిండితే, వాటిని మా ఆకివీడు పక్కనుంచే ఉప్పుటేరు సముద్రంలోకి పట్టుకెళ్తుంది. ఆ నీళ్ల మధ్య పెరిగిన ఆడపిల్ల సూది కంటే ముందు ముడి నేర్చుకుంది. తర్వాత చేపల చెరువులొచ్చాయి, 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించింది, అదంతా వేరే కథ. ఇన్నేళ్లలో వలల సంగతి అమ్మ నాకు ఒక్కసారీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక కొసని వంకీలా మడిచి పట్టుకుంది. రెండో కొసని ఆ వంకీ లోంచి పైకి తీసి, వెనక నుంచి చుట్టి, దాని కిందే దూర్చింది. లాగింది. ‘ఇప్పుడు లాగవే!’

నేను లాగాను. మావారు లాగారు. లాగేకొద్దీ బిగిసింది. జారిపోయే పాలిస్టరు చీరకైనా ఆ ముడి నిలుస్తుంది. విప్పాలంటే వంకీని వెనక్కి విరిస్తే చాలు, దానంతటదే వదులవుతుంది. నాకు నేర్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు మొట్టికాయ కూడా తిన్నాను, అరవై ఏళ్ల వయసులో.

ఐదు దిండ్లూ అమ్మే కట్టింది. పక్కింటావిడ బూరుగుదూది పెట్టమంది. తేలిక నిజమే. నీరు పీల్చదు కాబట్టి ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ జాకెట్లలో కూడా దాన్ని నింపేవారు. కానీ ఉతకడానికి వీల్లేదు, కొన్నాళ్లకి ఉండలు కడుతుంది. చీరలైతే విప్పి, ఉతికి, ఎండలో ఆరేసి మళ్లీ కట్టుకోవచ్చు. ఒక లోపం ఒప్పుకోవాలి. బరువు. మనవలు విసురుకుంటే దెబ్బ తగులుతుంది. మావారికి ఇంకో బాధ. ‘వచ్చినవాళ్లంతా నా లుంగీకి చేరబడతారా?’ అని.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడని ముంచింది. ఆ నీళ్లన్నీ చేరేది కొల్లేరుకే. నాలుగు రోజులు తిరిగేసరికి లంకల దారులు మునిగాయి. మా మేనమామ కొడుకు, భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి అత్త, ఒక్క సంచీతో మా గుమ్మంలో నిలబడ్డారు. అందరూ తడిసి ముద్ద. అదే టైముకి కరెంటు పోయింది. కొవ్వొత్తి కోసం నేను వంటింట్లో తడుముకుంటుంటే, హాల్లోంచి అమ్మ గొంతు వినిపించింది, ‘ఆ దిండ్లు ఇలా అందుకోండ్రా.’

కొవ్వొత్తి వెలిగించుకొచ్చేసరికి ఐదు ముళ్లూ విప్పేసి ఉన్నాయి. పది చీరలు, లుంగీలు, చున్నీలు. అత్త కట్టుకోవడానికి ఒకటి, కోడలికి ఒకటి, పిల్లలకి కప్పడానికి నాలుగు, కింద పరుచుకోవడానికి మిగిలినవి. చీకట్లో మా అందరికంటే చురుగ్గా తిరిగింది అమ్మ చెయ్యే. ‘నీది తెల్లంచుది, మెత్తగా ఉంటది కట్టుకో’ అని రంగుతో సహా చెబుతోంది. ఎలా తెలిసిందని అడిగితే, ‘నా చీర నాకు తెలీదా’ అంది.

తొమ్మిది రోజులున్నారు. దారి తేలాక వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు కోడలు ఆకుపచ్చ మంగళగిరి చీరతోనే ఆటో ఎక్కింది. తాతయ్య అల్లిన వల ముక్కేదైనా ఇంట్లో మిగిలిందేమో చూడమని అమ్మ తన మేనల్లుడితో చెప్పి పంపింది. ఇంకా కబురు రాలేదు.

మర్నాడు చీరలన్నీ ఉతికి దండెం మీద ఆరేశాను. ఎండాక అమ్మ కూర్చుని మళ్లీ కట్టింది. నాలుగయ్యాయి. ఐదోదానికి చీర ఒకటి తక్కువ, పైకి లుంగీ కావాలి. పాతవాటిలో మంచివేవీ లేవన్నాను.

‘అల్లుడుగారివి కొత్తవి రెండున్నాయి కదే’ అంది.

మావారు బీరువా తాళం ఎక్కడ పెట్టారో మూడు రోజుల్నుంచి చెప్పడం లేదు.