నలుగురం

మా మామ్మ టీ తాగేది కాదు. ఇంటికి వచ్చినవారికి మాత్రం వద్దన్నా పెట్టి తాగించేది. నువ్వెందుకు తాగవని అడిగితే "పాలేలులో తాగేశాను, చాలు" అనేది. పాలేలంటే మా తాళ్ళరేవు చుట్టుపక్కల ఏదో లంక గ్రామం కాబోలనుకునేవాణ్ణి. అది మణిపూర్‌లోని పాలేల్ అని, 1942లో బర్మా నుంచి కాలినడకన వచ్చినవారికి అక్కడ సహాయ శిబిరం ఉండేదని తెలిసేసరికి నాకు ముప్ఫయ్యేళ్ళు దాటాయి.

మా వైపు పాతకాలపువారు "రంగం వెళ్ళాడు" అంటే రంగూన్‌కు కూలికి వెళ్ళాడని అర్థం. కోరంగి రేవు పేరు మీదుగా మనవాళ్ళను అక్కడ "కోరంగీలు" అనేవారు. ఆ పిలుపులో గౌరవమేమీ ఉండేది కాదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ వాసులు సుమారు 4 లక్షలు, వారిలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న ఆ నగరం మీద జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరమే జపాను వశమైంది. ఓడ ఎక్కగలిగినవారు ఎక్కారు, లేనివారు నడిచారు. ఇలా భారతదేశం చేరినవారు నాలుగైదు లక్షలంటారు. దారిలో పోయినవారి సంఖ్యను కొందరు పదివేలంటే, కొందరు యాభైవేలు దాటిందంటారు. మనుషుల లెక్కలో అంత తేడా ఎలా వస్తుందో!

ఆ దారిలో శిబిరాలు నడిపినవారిలో ముఖ్యులు తేయాకు తోటల దొరలు, వారి ఇండియన్ టీ అసోసియేషన్. చేసిన మేలు చిన్నది కాదు. అయితే దారులు వేసిన చేతులు, బరువులు మోసిన భుజాలు తోట కూలీలవి. మన గంజాం, విశాఖ జిల్లాల నుంచి ఒకనాడు అస్సాం వలసపోయిన కుటుంబాలవారూ ఆ తోటల్లో ఉండేవారు. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి అన్న ఆరోపణ అప్పట్లో దేశమంతా మారుమోగింది. ఆ ఏడాది అలహాబాదులో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఈ వివక్షను ఖండిస్తూ తీర్మానం చేసింది.

మా తాత బియ్యం మిల్లు కూలీ. ఆయన, మామ్మ, ఆరేళ్ళ పెద్దత్త, చంకలో మా నాన్న బయలుదేరారు. కలేవా దాటి తమూ వైపు నడుస్తుండగా పెద్దత్తకు కలరా సోకింది. మర్నాటికి పోయింది. గొయ్యి తవ్వే సాధనమేదీ లేక ఆకులు కప్పి వచ్చేశారట. ఇంతవరకు మా ఇంట్లో అందరికీ తెలుసు.

తరువాతి సంగతి 1996 నవంబరు తుఫాను తరువాత గాని బయటపడలేదు. మా తీరం తుడిచిపెట్టుకుపోయింది. బియ్యం, దుప్పట్లు పంచే చోట నేను జాబితా రాసేవాణ్ణి. ఒకామె ఇంట్లో ఆరుగురమని చెప్పింది. పక్కనున్నవారు నలుగురేనన్నారు. రెండు పేర్లు కొట్టేశాను. రాత్రి భోజనాల దగ్గర ఈ ఘనకార్యం చెప్పుకున్నాను. మామ్మ ఏమీ అనలేదు. అందరూ లేచాక నన్ను పిలిచింది.

"పాలేలులో గుమాస్తా ఎంతమందని అడిగాడ్రా. చార్ అన్నాను. మీ తాత నా వంక చూశాడు గాని నోరెత్తలేదు. నలుగురికీ అన్నం పెట్టారు, నాలుగు లోటాల టీ ఇచ్చారు. నాలుగోది నేనే తాగాను. దాని వాటా తాగాను."

ఆకలికి అలా చెప్పావా అని అడిగాను. "ముగ్గురమని చెప్పడానికి నోరు రాలేదు" అంది.

ఏడాది తిరిగేసరికి మామ్మ వెళ్ళిపోయింది. ఆమె నడిచిననాటికి యుద్ధంలో చిక్కిన సామాన్య జనం కోసమంటూ ప్రత్యేకంగా జెనీవా ఒప్పందం లేదు. నాలుగో ఒప్పందం 1949 ఆగస్టు 12న వచ్చింది. దాని 23వ నిబంధన ప్రకారం పదిహేనేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పంపే ఆహారాన్ని, దుస్తులను శత్రుపక్షానివైనా సరే పోనివ్వాలి. కాని అవి పక్కదారి పడతాయన్న బలమైన అనుమానముంటే ఆపవచ్చుననే మెలిక కూడా అందులోనే ఉంది. ఆ మెలిక చదివినప్పుడల్లా నాకు మామ్మ నాలుగో లోటా కళ్ళముందు కదులుతుంది. లెక్క ప్రకారం అదీ పక్కదారి పట్టినదే. అంత బీభత్సంలో తలలు లెక్కపెట్టకుండా పంచడం ఎవరి తరమూ కాదు, అదీ నాకు తెలుసు.

మర్నాడు వెళ్ళి ఆ రెండు పేర్లూ మళ్ళీ రాశాను. కాని ఆమె అప్పటికే అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది. ఆ ఇద్దరూ పక్క ఊళ్ళో ఉన్నారో, సముద్రంలో పోయారో నేను అడగనే లేదు.