ఆటోనగర్ కతలు – 9: అన్నయ్యకి సంస్కృతంలో 97

పోయిన ఆదివారం పొద్దున్నే పెయింటర్ అన్న కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆటోనగర్లో మా అన్నయ్య పనిచేసే లేత్ షెడ్డు పక్కనే ఆయన పని. లారీల వెనక నెమళ్లు, తామరపూలు, ఓనర్ల పిల్లల పేర్లు వేస్తాడు. కిరసనాయిలుతో ఎంత రుద్దినా ఆయన గోళ్లలో ఎర్రరంగు పోదు. ఆ చేత్తోనే ఒక నున్నటి రంగుల కాగితం నా ముందు పెట్టాడు. "చెల్లెమ్మా, నువ్వు చూసి సరే అంటే సంతకం పెట్టేస్తా."

పిల్లకి పదిలో 571. పరీక్షలు రాయకముందే ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో మూడుసార్లు ఇంటికి తిరిగాడంట. ఫీజులో సగం తగ్గిస్తారంట. కాగితంలో గ్రూపు దగ్గర ఎంపీసీ అనీ, సెకండ్ లాంగ్వేజ్ దగ్గర సంస్కృతం అనీ ముందే అచ్చేసి ఉంది. టిక్కు పెట్టుకోవడానికి గడి కూడా లేదు.

"నీకేం చదవాలనుందే?" అని పిల్లనడిగాను.

"లెక్కలూ ఇష్టమే అత్తా, బయాలజీ కూడా ఇష్టమే. ఈ ఏడాది నుంచి రెండూ చదవొచ్చంట కదా. పేపర్లో చూశా."

"మరి సంస్కృతం?"

"అది ఇష్టమని కాదు. 99 వస్తాయంట."

నాకు నవ్వొచ్చింది. వెంటనే మా అన్నయ్య గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ముందు పేపర్లో ఆ పిల్ల చూసిన సంగతి చెప్తాను. మన ఇంటర్ రెండేళ్ల కోర్సు 1969-70లో మొదలైంది, బోర్డు 1971లో వచ్చింది. అప్పట్నుంచీ పదిహేనేళ్ల పిల్లని ఒక గదిలోకి పంపి బయటనుంచి గడియ పెట్టడమే. ఎంపీసీ అంటే ఇంజినీరు, బైపీసీ అంటే డాక్టరు, సీఈసీ అంటే బ్యాంకు పరీక్షలు, హెచ్ఈసీ అంటే ఏ సీటూ రానివాళ్లు. 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ బోర్డు ఆ గడియ కొంచెం తీసింది. మొదటి సంవత్సరానికి ఎన్సీఈఆర్టీ సిలబస్ వచ్చింది, రెండో సంవత్సరానికి 2026-27 నుంచి. లెక్కల్లో 1ఏ, 1బీ పోయి 100 మార్కులకి ఒకే పేపరు. బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ. లెక్కలు, బయాలజీ రెండూ చదివేవాళ్లకి ఎంబైపీసీ. ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి. ఇన్నాళ్లూ సెకండ్ లాంగ్వేజ్ ఉన్న చోట మాత్రం భాషలూ, వేరే గ్రూపుల సబ్జెక్టులూ కలిపి 24 ఎలక్టివ్‌లు, వాటిలో ఏదైనా ఒకటి. అంటే ఎంపీసీ పిల్ల ఎకనామిక్స్ చదవొచ్చు, బైపీసీ పిల్లాడు హిస్టరీ చదవొచ్చు. జనవరిలో మొదటి సంవత్సరం పబ్లిక్ పరీక్షలే తీసేద్దామని ప్రతిపాదించి, అభిప్రాయాలు అడిగి, తర్వాత మానుకున్నారు. అందరూ ఆ పరీక్షల గురించే వాదించుకున్నారు. ఎలక్టివ్‌ల మాట ఎవరికీ పట్టలేదు.

కాగితం మీద చూస్తే నేను చప్పట్లు కొట్టాల్సిన మార్పు ఇది. ఎందుకు కొట్టలేకపోతున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది ఉయ్యూరు అవతల ఒక మాలపల్లె. నాన్న వెల్డింగ్ నేర్చుకుని ఆటోనగర్ వచ్చాడు. కమాన్ కట్టలు విరిగిన లారీల కింద పడుకునే ఆయన జీవితం గడిచింది. అన్నయ్య నాకంటే రెండేళ్లు పెద్ద. 2004లో వాడు పది పాసైతే నాన్న వడ్డీకి అప్పు తెచ్చి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చేర్పించాడు. పేరు అనవసరం, ఇప్పుడా కాలేజీ లేదు కూడా. నేను 2006లో పాసయ్యాను, వాడికంటే ఎక్కువ మార్కులతో. అప్పటికి అప్పు తీరలేదు. ఇంటికి దగ్గరని, ఫీజు లేదని నన్ను ప్రభుత్వ కాలేజీలో హెచ్ఈసీలో వేశారు. నన్నెవరూ అడగలేదు. అన్నయ్యనీ అడగలేదు. వాడికి డ్రాయింగ్ ఇష్టం.

మొదటి సంవత్సరం రిజల్ట్స్ రోజు బాగా గుర్తు. నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకొచ్చాడు. ఫిజిక్స్ పోయింది, లెక్కలు ఒక పేపరు పోయింది. సంస్కృతంలో మాత్రం 97. నాన్న ఆ ఒక్క అంకెనే పదిసార్లు చదివించుకున్నాడు. మా వంశంలో సంస్కృతం చదివినవాడు మా అన్నయ్యే. జవాబులు తెలుగు లిపిలో రాశాడు. దేవనాగరిలో వాడి పేరు వాడికి రాదు. ఇంపార్టెంట్ ప్రశ్నలు ఇరవై బట్టీ పట్టించి వదిలారు. ఇప్పటికీ లేత్ మీద షాఫ్ట్ బిగించి మిషను తిప్పేటప్పుడు మూడ్ బాగుంటే 'రామః రామౌ రామాః' అని ఒక చుట్టు తిప్పుతాడు. రెండో విభక్తి దగ్గర ఆగిపోతాడు.

పాత లెక్కలో రెండేళ్లకి కలిపి 1000 మార్కుల్లో సెకండ్ లాంగ్వేజ్‌కి 200. అక్కడ 198 వస్తే మొత్తం 980 దాటొచ్చు, హోర్డింగు మీద ఫొటో పడుతుంది. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకిచ్చే 25 శాతం వెయిటేజీలో లెక్కేసేది గ్రూపు సబ్జెక్టులనే, లాంగ్వేజ్ మార్కుల్ని కాదు. అంటే ఆ 198 పిల్లకి ఇంజినీరింగ్ సీటు తెచ్చిపెట్టేది కాదు. బెంజి సర్కిల్ హోర్డింగు కోసం పిల్లలు రెండేళ్లు రాని భాషని బట్టీ పట్టారు, పడుతున్నారు. మొన్న మా కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల చేత 'మా వీధి' అని ఒక పేజీ రాయించాను. ఇంటర్లో సంస్కృతం చదివొచ్చినవాళ్లలో సగంమంది ఒత్తులు లేకుండా రాశారు. తెలుగు చదవడం తొమ్మిదేళ్ల పిల్లల్లా చదువుతారు. వాళ్ల మార్కుల మెమోలు మాత్రం నా మెమోకంటే ఘనంగా ఉంటాయి.

ఎంఏ అయ్యాక, పీహెచ్డీ చేస్తూ మూడేళ్లు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పనిచేశాను. రెండో ఏడు తెలుగు సెక్షన్లు ఎత్తేశారు. ప్రిన్సిపాల్ పిలిచి, "మీరు తెలుగులో డాక్టరేట్ చేస్తున్నారు కదమ్మా, సంస్కృతం చెప్పేయండి, క్వశ్చన్ బ్యాంక్ ఇస్తాం" అన్నాడు. నాకు సంస్కృతం రాదండీ అన్నాను. "వాళ్లకీ అక్కర్లేదమ్మా" అన్నాడు. ఒక సంవత్సరం చెప్పాను. ఇంట్లో జీతం అవసరం ఉంది. ఈ సంగతి ఇంతకుముందు ఎక్కడా రాయలేదు.

సంస్కృతం మన శత్రువని ఇక్కడ కొందరు కామెంట్ పెడతారు, తెలుసు. అంత తేలిగ్గా అనకండి. అంబేడ్కర్ ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతమే చదవాలనుకున్నారు. అంటరానివాడికి చెప్పరని పర్షియన్ తీసుకోవాల్సొచ్చింది. తర్వాత పట్టుబట్టి సొంతంగా నేర్చుకుని, ఆ గ్రంథాలు తనే చదివి వాళ్లని నిలదీశారు. అది కూడా సబ్జెక్టు ఎంపిక కతే. నాగపూర్లో కుముద్ పావ్డే అనే దళిత స్త్రీ సంస్కృతంలో ఎంఏ చేశారు. పుట్టింటి పేరుతో దరఖాస్తులు పెట్టినన్నాళ్లూ లెక్చరర్ ఉద్యోగం రాలేదనీ, కులాంతర వివాహంతో ఇంటిపేరు మారాకే వచ్చిందనీ తన ఆత్మకథ 'అంతఃస్ఫోట్'లో రాశారు. వాళ్లు ఆ భాషని కావాలనుకున్నారు. ఒకరికి తలుపు మూశారు, ఇంకొకరికి తలుపు దగ్గర ఇంటిపేరు అడిగారు. మా అన్నయ్యకి తలుపులు బార్లా తీసి, లోపల ఏమీ లేని గది ఇచ్చారు. సంస్కృతం చదవాలనుకునే మన పిల్ల ఉంటే ఆమెకి దేవనాగరి నుంచి మొదలుపెట్టి చెప్పే పంతులుండాలి. అదీ నా పట్టే.

ఇంక తెలుగు. "నీ ఉద్యోగం కోసం ఏడుస్తున్నావు" అంటారు. కొంత నిజం. ఎలక్టివ్ అంటే తెలుగు కూడా ఇరవై నాలుగింట్లో ఒకటైపోయింది. తెలుగు చెప్పే మాకు గుండెల్లో రాయి పడింది. 2021లో ఇక్కడి ప్రభుత్వం తెలుగు అకాడమీ పేరునే తెలుగు–సంస్కృత అకాడమీ అని మార్చినప్పుడు కూడా పడింది. అయినా తెలుగుతల్లి పాట పాడుతూ వీధుల్లోకి రమ్మని నేను మిమ్మల్ని పిలవను. ఆ తల్లి మమ్మల్ని ఏనాడు ఒళ్లో కూర్చోబెట్టుకుంది? ఇంటర్లో మా తెలుగు మాస్టారు ప్రతిపదార్థాలు చెప్పించేవారు. మా అమ్మ మాట్లాడే మాట ఒక్కటి రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు. మన పిల్లలకి ఇంగ్లీషు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ జాషువా అనే పేరు నేను మొదట విన్నది ఆ తెలుగు క్లాసులోనే. వినుకొండలో పుట్టిన మనిషి, ఉభయ భాషా ప్రవీణ చదివి తెలుగు పండితుడైన మనిషి, 1941లోనే 'గబ్బిలం' రాసిన మనిషి. మాస్టారు చప్పగా చదువుకుంటూ పోతున్నారు, వెనక బెంచీలో నా వెన్ను నిటారుగా అయింది. మా గురించి పుస్తకాల్లో రాస్తారా? హెచ్ఈసీలో పడేస్తే దొరికిన పీరియడ్ అది. అక్కణ్ణుంచే నా పీహెచ్డీ మొదలైంది. ఇరవై ప్రశ్నల క్వశ్చన్ బ్యాంకులో ఆ పీరియడ్ ఉండదు. అన్నయ్యకి అది దొరకలేదు.

ఇంకో మాట కూడా ఈ వారం విన్నాను. మా కొలీగ్ ఒకాయన, మంచివాడే, "ఆటోనగర్ పిల్లలకి ఒకేషనల్ బెస్ట్ మేడమ్, ఆటోమొబైల్ టెక్నీషియన్ కోర్సు ఉందిగా, చేతిలో పని ఎలాగూ ఉంటుంది" అన్నాడు. ఆటోనగర్లో పదేళ్ల పిల్లాడు చప్పుడు విని ఏ బండి ఇంజనో చెబుతాడు. ఆ తెలివికి ఏ బోర్డూ మార్కు వేయదు, వేస్తే సంతోషమే. కానీ ఆ సలహా ఎవరింటి పిల్లలకిస్తారో చూడండి. 1953లో మద్రాసులో రాజాజీ ఒంటిపూట బడి, మిగతా పూట తండ్రి వృత్తి అని పథకం పెడితే పెరియార్ దాన్ని కులవిద్య అన్నాడు. మరుసటేడు కామరాజ్ వచ్చి ఎత్తేశాడు. మా కొలీగ్‌కి ఇద్దరు పిల్లలు. ఇద్దరూ ఎంపీసీ.

సరే, పెయింటర్ అన్న కూతురి సంగతికి వస్తాను. సోమవారం నేనూ ఆ పిల్లా ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వెళ్లాం. మధ్యాహ్నం అయింది. జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు కదా, పిల్లలు పళ్లాలు పట్టుకుని లైన్లో ఉన్నారు. నా కాలంలో ఆ టైముకి నేను మంచినీళ్లు తాగి లైబ్రరీలో కూర్చునేదాన్ని. ఆ లైను చూసి చాలాసేపు నిలబడిపోయాను.

లోపల లెక్చరర్ గారు ఓపిగ్గా మాట్లాడారు. ఎంబైపీసీ రాయొచ్చమ్మా, బోర్డు ఒప్పుకుంటుంది అన్నారు. అని, గోడకున్న టైంటేబుల్ చూపించారు. ఎంపీసీ వాళ్లకి లెక్కల పీరియడ్ ఏ టైములో ఉందో, బైపీసీ వాళ్లకి బయాలజీ అదే టైములో ఉంది. వారంలో నాలుగు రోజులు అంతే. "ఈ పిల్ల ఏ గదిలో కూర్చోవాలండీ?" అన్నాను. ఆయన గోడ వైపు చూస్తూ ఉండిపోయారు. ఎలక్టివ్‌ల గురించి అడిగాను. "జీవోలో ఇరవై నాలుగు మేడమ్. మా దగ్గర చెప్పే మనుషులున్నది రెండింటికి. మూడో ఆయన రిటైరయ్యారు."

దీని మీద మీతో వాదించాలని ఉంది. విద్యార్థి సంఘాల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు సిలబస్ మారిందా, పరీక్ష పెడుతున్నారా అని అడుగుతున్నారు, మంచిదే. మీ ఊరి జూనియర్ కాలేజీకి ఒకసారి వెళ్లి ఆ గోడ మీది టైంటేబుల్ ఫొటో తీయండి. ఎన్ని ఎలక్టివ్‌లకి లెక్చరర్లున్నారో, ఎన్ని గ్రూపుల పీరియడ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయో రాసుకోండి. అలాగే కార్పొరేట్ కాలేజీల అడ్మిషన్ ఫారాల్లో ఏ గడి ముందే నింపి ఉందో చూడండి. ఫీజు కట్టగలిగినవాడికి ఆ గడి నింపేది పీఆర్వో, కట్టలేనివాడికి నింపేది ఖాళీ పోస్టు. ఆ పిల్ల చేతికి పెన్ను రెండు చోట్లా రాలేదు. కామెంట్లలో పెట్టండి, అన్నీ ఒక చోట చేర్చి బోర్డుకి అర్జీ రాద్దాం. అర్జీ నేను రాస్తాను, అది నాకొచ్చిన పనే.

నిన్న రాత్రి మళ్లీ అందరం మా ఇంట్లో కూర్చున్నాం. పెయింటర్ అన్న సంతకం పెట్టలేదు, కాగితం చింపనూ లేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. సగం ఫీజు తగ్గింపుకి శనివారం ఆఖరి రోజంట. పిల్ల ప్రభుత్వ కాలేజీ ఫారంలో గ్రూపు దగ్గర ఎంబైపీసీ అని రాసింది. ఎలక్టివ్ దగ్గర ఖాళీ వదిలింది. నేనేమీ చెప్పలేదు. తెలుగు అని నా నోటిదాకా వచ్చింది, మింగాను.

రేపు మళ్లీ ఆ కాలేజీకి వెళ్లి, పొద్దున్న లెక్కలు, మధ్యాహ్నం బయాలజీ పెట్టడం కుదురుతుందేమో ప్రిన్సిపాల్ గారినే అడగాలనుకున్నాం. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి విషయం విన్నాడు. "నేనూ వస్తా. సగం పూట షెడ్డు మానేస్తా" అన్నాడు.

"నువ్వొచ్చి ఏం చెప్తావురా?"

"నాకు సంస్కృతంలో 97 అని చెప్తా" అన్నాడు. పిల్ల ఒక్కతే నవ్వింది.

జై భీమ్.