ఒకే ఇంట పేగు జబ్బులు

ఒకే ఇంట ఇద్దరికి పేగు జబ్బు కనిపించగానే అది వంశంలోనే ఉందని తేల్చేయడం, ఆ మాట సంబంధాలు చూసేవాళ్ల చెవిన పడకుండా దాచడం గోదావరి మండలాల్లో రెండూ పరిపాటే. అయితే ఒక ఇంటివాళ్లు పంచుకునేది రక్తాన్ని మాత్రమే కాదు, ఒకే బిందెలోని నీళ్లను, ఒకే వంటను, ఒకే గదిలోని గాలిని కూడా పంచుకుంటారు కనుక, వైద్యుడు మొదట విడదీసి చూడవలసింది వీటినే.

ఇందుకు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుటుంబాన్ని మించిన ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి, అంటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో మనిషి చిక్కిపోయే జబ్బుకు బలికాగా, అదే జబ్బు పడిన సుబ్బారావు మాత్రం వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. అన్నదమ్ములు ముగ్గురికీ వచ్చిన ఈ జబ్బు వంశపారంపర్యమేననిపిస్తుంది గాని, ఉష్ణదేశాల స్ప్రూకు మూలం ముఖ్యంగా పరిసరాల్లోనే ఉందని, ఫోలిక్ ఆమ్లం, యాంటీబయాటిక్ మందులతో అది నయమవుతుందని తరువాత తేలింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపినవారు సుబ్బారావే.

ఐబీడీ అని వైద్యులు పిలిచే పేగువాపు జబ్బుల దారి వేరు. పేగులోని సూక్ష్మజీవులను సహించలేని రోగనిరోధక వ్యవస్థ సొంత పేగుపైనే దాడిచేయగా పుట్టే ఈ జబ్బుల్లో, పురీషనాళం నుంచి పైకి ఎడతెగకుండా పాకి పెద్దపేగుకే పరిమితమయ్యేది అల్సరేటివ్ కోలైటిస్ కాగా, జీర్ణనాళంలో ఎక్కడైనా అక్కడక్కడ పుండ్లు పెట్టేది క్రోన్స్ వ్యాధి. నెలల తరబడి నెత్తురు, జిగట పడుతున్నా మొలలనుకుని పసరు మందు మింగి, అమీబా అనుకుని మెట్రోనిడజోల్ మాత్రలు వాడి, చివరికి ఒంట్లో రక్తం లేక రాజమండ్రికో కాకినాడకో చేరేవారు నేటికీ తక్కువేమీ కాదు.

అలా వచ్చినవారిని ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే మొదటి జవాబు "మా ఇంటావంటా లేదండీ" అనే వస్తుంది. అత్తింటివారు గది బయటికి వెళ్లాక, పుట్టింటి మేనమామ ఒకాయన కూడా ఇలాగే నెత్తురు పడి పోయాడన్న సంగతి మెల్లగా బయటపడుతుంది. అందుకే కేసు షీటు మీద మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, మేనరికపు దంపతుల నడుమ జంట గీత గీసి మూడు తరాల పటం వేయడం ఏ స్కానింగుకూ తీసిపోని పరీక్ష. ఆరేళ్లలోపు పిల్లల్లో, ముఖ్యంగా పాలుతాగే వయసులోనే, ఆసనం చుట్టూ పుండ్లతో మొదలయ్యే తీవ్రమైన జబ్బుకు ఇంటర్‌ల్యూకిన్-10 గ్రాహకపు జన్యువులో లోపం కారణం కావచ్చు. ఆ లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ అందితేనే జబ్బు బయటపడుతుంది కనుక, ఆ పటంలోని జంట గీతకు విలువ ఇక్కడే. అలాంటి బిడ్డకు ఎముక మజ్జ మార్పిడి ప్రాణం నిలపగలదు.

పెద్దల్లో వచ్చే జబ్బు ఇంత సూటిగా దిగిరాదు. 200కు పైగా జన్యుస్థానాలు కొద్దికొద్దిగా తోడ్పడతాయి. క్రోన్స్ వ్యాధితో ముడిపడినట్టు 2001లో తేలిన నాడ్-2 జన్యువులోని పాశ్చాత్య రకాలు భారతీయుల్లో బహు అరుదు కనుక, ఆ పరీక్షకు డబ్బు పోయడం వృథా. తల్లిదండ్రుల్లో ఒకరికి జబ్బు ఉన్నా నూటికి తొంబైమందికి పైగా పిల్లలకు అది రానే రాదు. పైగా అక్కాతమ్ముళ్లిద్దరికీ చిన్నపేగు చివర పుండ్లుంటే అది క్షయ కూడా కావచ్చు. క్షయ గాలి ద్వారా ఇల్లంతా పాకేది గనుక, ముక్క పరీక్షలో తేల్చుకోకుండా స్టిరాయిడ్లు మొదలుపెడితే ప్రాణానికే ముప్పు.

వంశం గురించిన భయం గర్భిణులకు చేసే హాని అన్నింటికన్నా బాధాకరం. కడుపులో బిడ్డకు జబ్బు సోకుతుందనో, మందు తగులుతుందనో మాత్రలు ఆపేస్తారు. నిజానికి బిడ్డకు ఎక్కువ ముప్పు రగులుతున్న జబ్బువల్లనే. అయితే ఈ జబ్బులకు వాడే మందుల్లో మెథోట్రెక్సేట్‌ను మాత్రం గర్భానికి కొన్ని నెలల ముందే మానాలి. సల్ఫాసలజిన్ కొనసాగించవచ్చు గాని, అది ఫోలిక్ ఆమ్లాన్ని ఒంటబట్టనివ్వదు కనుక ఫోలిక్ ఆమ్లం మాత్ర మోతాదు పెంచి ఇస్తారు. ఇదే సల్ఫాసలజిన్ వాడే మగవారిలో వీర్యకణాలు తగ్గుతాయి, మందు మార్చితే తిరిగి పెరుగుతాయి; పిల్లలు లేరని నింద మోస్తున్న కోడలికి ఈ ఒక్క సంగతి ముందుగా తెలియడం ఎంతో అవసరం.