లారీ ఎక్కిన టాయిలెట్లు

మేడారం వైపు పోతున్న లారీ మీద నీలం ప్లాస్టిక్ టాయిలెట్లు, తాళ్లతో కట్టేసి, వరసగా నిలబడి ప్రయాణం! ఒకదాని గడియ బయటికి పొడుచుకొచ్చి తలుపు మూతపడట్లేదు. గుంత వచ్చినప్పుడల్లా ఠప్... ఠప్...

గడియ మీద ఎర్ర గుర్తు మాత్రం లోపల ఎవరో ఉన్నారంటోంది.

వెనక బైకాయన హారన్ మానేసి మర్యాదగా దూరం జరిగాడు.

రెండేళ్లకోసారి అక్కడ జరిగే సమ్మక్క-సారలమ్మ జాతరకు లక్షల జనం. నాలుగు రోజుల కోసం అందరికీ పక్కా మరుగుదొడ్లు ఎక్కడ కడతారు? ఇవి రావాల్సిందే. తొట్టిలో పోసే నీలం మందు వాసనను అణుస్తుంది, రంగు మిగతాది దాస్తుంది. (మూడో రోజుకి మందే ఓడిపోతుంది, అది వేరే సంగతి.)

పుణెలో అయితే 2016లో పాత సిటీ బస్సుల్నే ఆడవాళ్ల టాయిలెట్లుగా మార్చారు. ఆ బస్సుకి చెయ్యెత్తి ఆపినవాళ్లు ఉండే ఉంటారు!

మీకెక్కడ ఎదురయ్యాయి ఇలాంటివి? చెప్పండి.